మూరెడు అంటే ఎవరి మూర సార్?

ఈ రోజు తెల్లవారుజామున ఐదు గంటలకు ఊరి నుంచి మా అక్క ఫోను చేసి, "చెరువు కట్ట తెగేట్టుందంట రా, సామాన్లు సర్దేదా వద్దా?" అని అడిగింది. రాత్రంతా వాన కురిసింది. దానికి తోడు వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన వాయిస్ మెసేజ్ ఊరినంతా నిద్ర లేపింది. తిరుపతిలో ఉన్న నేను, చెరువు బాధ్యత చూసే సిబ్బందిలో ఒకరి నంబరు సంపాదించి, మొరవ (అలుగు) పోవడానికి ఇంకా ఎంత నీరు రావాలని మర్యాదగానే అడిగాను. "నిండుకుండ మాదిరి ఉంది సార్" అన్నారు. అడుగుల్లో చెప్పండి అంటే, "మూరెడు తక్కువ ఉంటుంది" అన్నారు. ఎవరి మూర సార్? మీదా, నాదా, లేక పూలమ్మే ఆవిడదా?

తూము పక్కన అడుగుల లెక్క రాసిన స్కేలు రాయి లేకపోలేదు. దాని మీద ఇప్పుడు కనిపించే అంకెలు 4, 9 మాత్రమే. మధ్యలో ఉన్నవాటిని మన భక్తికి వదిలేశారు. ఎండాకాలంలో వెళ్లినప్పుడు దానికి ఎవరిదో గేదె కట్టేసి ఉంది, కాబట్టి ఆ రాయి పూర్తిగా నిరుపయోగమని అనడం అన్యాయమే అవుతుంది. అంకెలన్నీ కనిపించినా ఫలితం అంతంతమాత్రమే, ఎందుకంటే చెరువులో పూడిక పేరుకుపోయాక తొమ్మిది అడుగుల నీరంటే మా తాత కాలంనాటి తొమ్మిది అడుగుల నీరు కాదు. మట్టం ఒకటి, ఆ మట్టానికి ఎంత నీరు పడుతుందన్నది ఇంకొకటి. ఈ రెండో లెక్క మళ్లీ ఎప్పుడు వేశారని అడిగితే, ఫోనులో సిగ్నలు పోయింది.

అసలు మంట ఇక్కడే మొదలైంది. మా అక్క కొడుకు మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అదే వాయిస్ మెసేజ్ వాడికీ చేరింది. వాడుండే ఊరి పక్కనున్న సరస్సు రానున్న ఆరు నెలల్లో ఏ నెలకు ఎంత మట్టంలో ఉండవచ్చో వాడి ఫోనులో బొమ్మ గీసి ఉంది. కన్నతల్లి ఇంటి పైనున్న చెరువు ఈ రాత్రికి ఎంత ఉంటుందో మాత్రం వాడికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

అక్కడి ఐదు మహాసరస్సుల అంచనాను అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం డెట్రాయిట్ నుంచి వెలువరిస్తుంది. సరస్సు మీద పడే వాన, చుట్టూ ఉన్న నేల నుంచి చేరే నీరు, ఆవిరై పోయేది, పై సరస్సు నుంచి దిగేది, కిందికి వెళ్లేది అన్నీ లెక్కకు వస్తాయి. ఆవిరి ఎండాకాలంలోనే ఎక్కువని మనం అనుకుంటాం గానీ, అక్కడ వెచ్చని నీటి మీదుగా చల్లని పొడిగాలి వీచే శరత్కాలంలోనూ శీతాకాలపు మొదట్లోనూ అది ఎక్కువగా పోతుంది. అంచనా ఒక్క గీతగా కాకుండా, ఇంత నుంచి ఇంత వరకు అనే పట్టీగా ఉంటుంది. అంటే తమకు ఎంతవరకు తెలియదో కూడా వాళ్లు కొలిచి చెబుతారు. హిమానీనదాల బరువు తొలగిన నేల నేటికీ మెల్లగా పైకి లేస్తోందని, ఎత్తులకు ఆధారమైన కొలమానాన్నే 1955లో ఒకసారి, 1985లో ఇంకొకసారి సవరించారు. నేల కదిలితే సున్నాను సరిచేసుకున్నవాళ్లు వాళ్లు. సున్నాకు గేదెను కట్టేసినవాళ్లం మనం.

ఇది చదివి ఒకరు తప్పకుండా "అవి సముద్రాలంతటి సరస్సులండీ, మన చెరువుతో పోలికేమిటి?" అంటారు. నా బాధ కూడా సరిగ్గా అదే. మిషిగన్, హ్యూరాన్ సరస్సులు నీటి లెక్కలో ఒకే సరస్సు; ఆ రెండూ కలిసి ఒక్క సెంటీమీటరు పెరగాలంటే సుమారు 41 టీఎంసీల నీరు చేరాలి, రెండు సెంటీమీటర్లయితే 78 టీఎంసీల మన సోమశిల జలాశయం నిండి ఇంకా మిగులుతుంది. అంత నింపాదిగా కదిలే నీటికి ఆరు నెలల ముందే కబురు వస్తుంది. ఒక్క రాత్రి వానకు నిండిపోయే చెరువుకు మాత్రం తెల్లారి మూర! పడమటి గాలి బలంగా వీస్తే ఈరీ సరస్సులో నీరు బఫెలో వైపు ఎగదన్ని, ఆ చివరనున్న టొలీడో వైపు తగ్గుతుందని రెండు చివరలా మట్టం కొలిచే గేజీలు పెట్టుకున్నారు. మాకు రెండు వద్దు, కనిపించేది ఒకటి చాలు.

2021 నవంబరును మరిచిపోమని చెప్పేవాళ్లంటే నాకు అసలే గిట్టదు. ఆ నెల 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి దిగువ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట నుంచి నీరు ఊరుతుండడంతో కింది పల్లెలను ఖాళీ చేయించారు. ఆ వారం మా అమ్మ బీపీ మాత్రలు ఇంట్లోనే వదిలేసి, అక్కతో పాటు బడి వరండాలో పడుకుంది. నీరు ఎంతుందని ఆమె అడిగితే "పైనుంచి ఆదేశాలు రావాలి" అన్నారట. నీటి మట్టానికి ఆదేశాలేమిటో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. ఆ తరువాత మా చెరువు కట్ట మీద మట్టం కొలవడానికని సోలార్ పలకతో ఒక స్తంభం నాటారు, కొబ్బరికాయ కూడా కొట్టారు. ఇప్పుడు ఆ పలక మీద కాకులు కూర్చుంటాయి, పెట్టె తలుపు తెరిచే ఉంటుంది, లోపల తీగలు లేవు.

చివరికి నేను మా బావగారిని బతిమాలుకున్నాను. తూము దగ్గరి రాతిమెట్లలో నీటికి పైన ఎన్ని కనిపిస్తున్నాయో రెండు గంటలకొకసారి లెక్కపెట్టి చెప్పమన్నాను. ఆరు గంటలకు నాలుగు మెట్లు ఉన్నాయి, ఎనిమిదికి మూడు, పదింటికీ మూడే. వాన తగ్గింది కాబట్టి మధ్యాహ్నానికి నిలకడగా ఉండవచ్చని ఆయన అంచనా. సామాన్లు సర్దవద్దని అక్కకు చెప్పాను, మాత్రలు మాత్రం చేతిసంచిలో పెట్టమన్నాను. గ్రూపులో ఇప్పుడే అధికారికంగా సందేశం వచ్చింది: చెరువు నిండుకుండలా ఉందట. బావగారు పన్నెండింటికి మళ్లీ మెట్లు చూడడానికి బయలుదేరారు.