తిండీ బట్టలే కాదు, ఉత్తరం చదివి చెప్పే మనిషీ కావాలి

శరణార్థులకు స్థానికులు చేస్తున్న సాయం గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ దాదాపు అంతా తిండి, బట్టలు, తలదాచుకునే చోటు గురించే ఉంది. అవి కావాల్సిందే, కాదనను. శరణు కోరుతూ పెట్టుకున్న దరఖాస్తు ఇంకా తేలనివాళ్లకు మాత్రం అంతకంటే పెద్ద భయం తపాలాలో వచ్చే కాగితం. ఇంటర్వ్యూ ఫలానా తేదీన అంటూ అర్థంకాని భాషలో ఉత్తరం వస్తుంది. చదివి చెప్పే దిక్కులేక ఆ తేదీ దాటిపోతే, దరఖాస్తు వదులుకున్నట్టే లెక్కగట్టే దేశాలున్నాయి. ప్రాణానికో స్వేచ్ఛకో ముప్పున్న చోటికి శరణార్థిని తిప్పి పంపకూడదని శరణార్థుల హక్కులపై దేశాలు చేసుకున్న 1951 ఒప్పందం 33వ అధికరణం చెబుతోంది. ఆ రక్షణ చేతికందాలంటే ముందు తన గోడు అధికారికి పొల్లుపోకుండా చెప్పుకోగలగాలి.

చాలాచోట్ల ఈ అనువాదం పని పిల్లల మీద పడుతుంది. బడికెళ్తారు కాబట్టి కొత్త భాష వాళ్లకే ముందొస్తుంది. జైల్లో తనను ఏం చేశారో తల్లి చెప్పాలి, పదేళ్ల కొడుకు దాన్ని డాక్టరుకు వివరించాలి! ఆ తల్లి సగం మింగేస్తుంది. ఆ సగమే కేసుకు ఆయువుపట్టు. దయచేసి పిల్లలతో ఈ పని చేయించకండి.

1979 ప్రాంతంలో వియత్నాం, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చిన కుటుంబాలకు కెనడా పౌరులే బృందాలుగా ఏర్పడి ఏడాదిపాటు అండగా నిలిచారు. శరణు కోసం ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లకు సాధారణంగా అలాంటి బృందం ఉండదు. అందుకే వాళ్లకు సాయం చేసే సంఘాలు ముందుగా శిక్షణ ఉన్న దుబాసీని, అప్పుడప్పుడైనా వచ్చి కాగితాలు చూసిపెట్టే లాయరును ఏర్పాటు చేయాలి. ఆడవాళ్లకు ఆడ దుబాసీయే అయితే మరీ మంచిది.