తపస్సు మానుకు అడ్డంగా సెల్‌ఫోన్లు

ఎండాకాలం వస్తే చిత్తూరు చుట్టుపక్కల ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర మహాభారతం ఉత్సవం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లారేదాకా వీధి నాటకం. ఈసారి అమ్మను అందులోని అర్జున తపస్సు ఘట్టానికి తీసుకెళ్లాం. అర్జునుడి వేషం కట్టినాయన తపస్సు మాను, అంటే నిలువుగా పాతిన ఎత్తైన చెట్టు మాను ఎక్కి పద్యాలు పాడుతుంటే మాకు కనపడింది పైకెత్తిన సెల్‌ఫోన్లే! "కొంచెం కూర్చో నాయనా" అని అమ్మ అడిగితే "లైవ్ పెడుతున్నా, ఉండవ్వా" అన్నాడొక కుర్రాడు.

అంత ఎత్తున, ఎండలో గొంతెత్తి పాడే కళాకారుడి పద్యం ఒక్కరికీ పట్టలేదు. పైనుంచి వేసే నిమ్మకాయలు, విభూతి కోసం తడిబట్టలతో సాగిలపడ్డ ఆడవాళ్లను కూడా దగ్గరికెళ్లి వీడియో తీస్తున్నారు. బిడ్డల కోసం మొక్కుకున్నవాళ్లు వాళ్లు! సిగ్గుండక్కర్లేదా? నాకైతే ఒళ్లు మండిపోయింది. మైకులో చందాలిచ్చినవాళ్ల పేర్లు మళ్లీ మళ్లీ చదువుతారు గానీ, ఫోన్లు దించండని ఒక్క మాట చెప్పరు.