గుడ్లురుము చూపు గారికి సెలవు మంజూరు

మహారాజశ్రీ గుడ్లురుము చూపు గారికి,

ఆరో తరగతి లెక్కల సారు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. తమరి కుశలానికి లోటేముంది లెండి, బెత్తం ఉద్యోగం ఊడాక దాని పనంతా తమరి చేతికే వచ్చింది కదా. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని అందులో 17వ సెక్షన్ చెప్పింది. బెత్తం బీరువా వెనక్కి పోయింది (కొన్నిచోట్ల బీరువా పక్కనే ఉంది, అది వేరే సంగతి). తమరికి మాత్రం ప్రమోషన్. చూపు మీద ఎవడు కంప్లైంట్ ఇస్తాడు? వాత తేలదు, సాక్ష్యం ఉండదు.

తమరి స్టాఫూ గట్టివాళ్లే. బల్ల మీద చరిచే డస్టరు, పెదాల మీద నిలబడే వేలు, పాఠం మధ్యలో టక్కున ఆగిపోయి ‘మీ ముచ్చట్లు అయ్యాకే చెప్తా’ అన్నట్టు కట్టుకునే చేతులు. భోజనాల తర్వాత పీరియడ్‌లో మా గొంతులు ఇంకా మిగిలున్నాయంటే తమరి దయే, కాదనను.

కానీ తమరికి వచ్చిన విద్య ఒక్కటే, నోరు మూయించడం. నోరు మూసుకున్నవాడికి పాఠం అర్థమైనట్టేనని మమ్మల్ని కూడా నమ్మించేశారు చూడండి, అదీ తమరి గొప్పతనం. మొన్న భిన్నాల కూడిక చెప్తుంటే తమరు క్లాసంతా ఓసారి చుట్టొచ్చారు. వెనక బెంచీ పిల్లాడు ఠక్కున నిటారుగా కూర్చుని మోచేత్తో నోట్సు కప్పేశాడు. ‘అర్థమైందా?’ అన్నట్టు తమరు కనుబొమలు ఎగరేస్తే అందరితో పాటు వాడూ తలూపాడు, తమరు తృప్తిగా బోర్డు వైపు తిరిగిపోయారు. సాయంత్రం పుస్తకాలు దిద్దేటప్పుడు చూస్తే ఆ మోచెయ్యి కింద దాక్కున్నది 1/2 + 1/3 = 2/5. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశాడు. సగానికి ఇంకో మూడో వంతు కలిపితే సగం కంటే తక్కువెలా వస్తుందిరా అని అడగడానికి క్లాసులో నోరుండాలి కదా, అది తమరు మూయించేశారాయె.

పైగా తమరి రూల్సు నాకే అర్థం కావు, పిల్లలకేం అవుతాయి? తల దించుకుంటే ‘తప్పు చేశాడు కాబట్టే మొహం చూడలేకపోతున్నాడు’, తలెత్తి చూస్తే ‘ఎంత పొగరు, నా కళ్లల్లోకే చూస్తావా?’ మధ్యలో కిటికీ వైపు చూస్తే ధ్యాస లేదని ఇంకో కేసు.

కరోనాకి బడులు మూతపడ్డప్పుడు, 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానెళ్లలో వచ్చాయి గుర్తుందా? తమరు టీవీలోంచి ఎంత ఉరిమినా పిల్లాడు బోర్లా పడుకుని మరమరాలు నములుతూనే ఉన్నాడు. పాపం తమరు.

మేరీ బడ్ రో అని అమెరికాలో ఒక పరిశోధకురాలు క్లాసుల్ని టేపు చేసి మరీ విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం ఆగేది దాదాపు ఒక్క సెకనేనట. కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లలు ఎక్కువ మాట్లాడుతున్నారట, ‘తెలీదు’ అనడం తగ్గుతోందట. మూడు సెకన్లే! ఆ టైములో ముగ్గుర్ని బెదిరించడం తమరికి అలవాటు.

అందుకని రేపటి నుంచి నా పీరియడ్‌లో తమరికి సీఎల్ మంజూరు చేస్తున్నాను. తమరి బదులు బొటనవేలు డ్యూటీకి వస్తుంది. అర్థమైతే పైకి, కాకపోతే కిందికి, పక్కవాడికి కనపడకుండా గుండెకు ఆనించి పెట్టుకుంటే చాలు. నేను ప్రశ్న అడిగి, నోరు మూసుకుని, మామూలు కళ్లతో చూస్తూ నిలబడతాను. క్లాసు గోలగా ఉందని హెచ్‌ఎం గారు వరండాలోంచి తొంగిచూస్తారు, తమరిని వెంటనే డ్యూటీకి పిలవమంటారు. అది నేను చూసుకుంటా.

ఒకవేళ పక్క క్లాసులో డ్యూటీ పడితే ఒక్క మాట వినండి. ఎవరైనా పిల్లాడు చిటికెన వేలు చూపిస్తే ‘ఇందాకేగా వెళ్లావ్’ అన్నట్టు ఉరమకండి. వెంటనే తలూపేయండి, అక్కడ మూడు సెకన్లు కూడా ఆగక్కర్లేదు.

ఇట్లు,
తమరి పాత యజమాని