అన్నీ పాసే, డివైస్‌కి కరెంటే లేదు

ఇప్పుడే జరిగింది, ఒళ్లు మండిపోతోంది. మా క్యూఏ (సాఫ్ట్‌వేర్ పరీక్షించే) టీమ్ ఆటోమేషన్ సూట్, అంటే వాటంతటవే నడిచే టెస్టులు, మొత్తం పచ్చగా పాస్. వెబ్ డాష్‌బోర్డ్‌లో డివైస్ "ఆన్‌లైన్" అని కనిపిస్తోంది, టెస్టు టిక్కు కొట్టేసింది. తీరా బెంచ్ దగ్గరికెళ్తే ఆ డివైస్ ప్లగ్గు ఎవరో పీకేసి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నారు!

ఎలా పాసైందంటారా? మా డివైసులు ఎంక్యూటీటీ అనే ప్రోటోకాల్‌లో మాట్లాడతాయి, మెసేజ్‌లు అందుకుని పంచే సర్వరే బ్రోకర్. పాత రన్‌లో రిటెయిన్ ఫ్లాగ్‌తో ("దీన్ని దాచిపెట్టు" అనే గుర్తు) పంపిన "ఆన్‌లైన్" మెసేజ్ బ్రోకర్ దగ్గరే కూర్చుంది. కొత్తగా ఎవరు సబ్‌స్క్రైబ్ చేసినా ఎంక్యూటీటీ బ్రోకర్ దాన్నే చేతిలో పెడుతుంది. టెస్టుకి ముందు అదే టాపిక్‌కి (మెసేజ్ వెళ్లే చిరునామా) రిటెయిన్ ఫ్లాగ్‌తో ఖాళీ మెసేజ్ పంపితే అది చెరిగిపోతుంది. ఒక్క లైను! లాస్ట్ విల్ (డివైస్ చెప్పకుండా పోతే దాని తరఫున బ్రోకర్ పంపాల్సిన మెసేజ్) పెట్టినా, కీప్ అలైవ్‌కి (డివైస్ మాట్లాడకుండా ఉండగలిగే గడువు) ఒకటిన్నర రెట్లు ఆగి బ్రోకరే "ఆఫ్‌లైన్" అని చాటింపు వేసేది. అదీ లేదు.

మరి ఏముంది? స్లీప్ 5, అంటే ఐదు సెకన్లు ఊరికే ఆగడం. ఫెయిలైతే స్లీప్ 10. అప్పటికీ ఫెయిలైతే రీట్రై 3. మెసేజ్ వచ్చేదాకా చూసి, రాగానే కదిలేలా రాయొచ్చని చెబితే "తర్వాత చూద్దాం" అంటారు. ఆ తర్వాత ఎప్పుడూ రాదు.

ఇంకో వింత వినండి. రెండు టెస్టులు ఒకే క్లయింట్ ఐడీతో (బ్రోకర్ గుర్తుపట్టే పేరు) పక్కపక్కనే నడుస్తున్నాయి. రెండోది కనెక్ట్ కాగానే బ్రోకర్ మొదటిదాన్ని గెంటేస్తుంది. అది మళ్లీ కనెక్టై రెండోదాన్ని గెంటిస్తుంది. రాత్రంతా ఇదే కుస్తీ. పొద్దున రిపోర్టులో కారణం: "నెట్‌వర్క్ ఇష్యూ". 1999లో చమురు పైపులైన్ల కోసం, శాటిలైట్ లింకుల మీద నడవడానికి పుట్టిన ప్రోటోకాల్ స్వామీ ఇది. దానికి ఆఫీసు నెట్‌వర్క్ ఆనలేదట!

అసలు మంట ఇది కూడా కాదు. నిజం డివైసులు ఇంకొన్ని కొనమంటే "సిమ్యులేటర్ ఉందిగా" అన్నారు. డివైస్‌లా నటించే ఆ ప్రోగ్రామ్ ఎప్పుడూ డిస్‌కనెక్ట్ అవ్వదు, ఒకే మెసేజ్ రెండుసార్లు పంపదు. క్యూఓఎస్ 1 (మెసేజ్ అందజేతకి ఇచ్చే హామీ స్థాయి) అంటే కనీసం ఒకసారి, రెండోసారీ రావచ్చు అని దానికెవరూ చెప్పలేదు పాపం. ఆ సిమ్యులేటర్ రాసింది డివైస్ లోపలి సాఫ్ట్‌వేర్ రాసే ఫర్మ్‌వేర్ టీమే. వాళ్ల పేపర్ వాళ్లే దిద్దుకుంటున్నారు.

డిజైన్ మీటింగులకి మమ్మల్ని పిలవరు. పేలోడ్‌లో (మెసేజ్ లోపలి డేటా) ఫీల్డు పేరు మార్చారని టెస్టు విరిగాకే మాకు తెలుస్తుంది. ప్రొడక్షన్‌లో పేలితే మాత్రం మొదటి ప్రశ్న "క్యూఏ వాళ్లు ఏం చేస్తున్నారు?"

ఇదిగో, రిలీజ్ మీటింగ్ ఇన్వైట్ వచ్చింది. నా పేరు ఆప్షనల్‌లో ఉంది.