మహారాజశ్రీ చదువు చిట్టా గారికి

మహారాజశ్రీ చదువు చిట్టా గారి సముఖమునకు, మీ గుమాస్తా నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. మీకేం లోటు? హాల్లో టీపాయ్ మీద, ఇంటికొచ్చినవాళ్ల కళ్లు పడే చోట, ప్లాస్టిక్ అట్ట తొడుక్కుని కూర్చున్నారు. మీలో పేర్లెక్కిన నవలలు మాత్రం మంచం కింద అట్టపెట్టెల్లో చెదలతో కాపురం చేస్తున్నాయి.

మిమ్మల్ని 2015 జనవరి 1న ఇంటికి తెచ్చాను. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్. అంతకు వారం ముందు ఒక నవల చదువుతూ, ఈ హీరోగారి అన్న పోతాడు చూడు అనుకున్నాను. పోయాడు. నా తెలివికి నేనే మురిసిపోయి చివరి పేజీ దాకా వచ్చి చూద్దును కదా, అక్కడ నా సంతకమే ఉంది, కింద తేదీతో సహా. ఆరేళ్ల క్రితమే చదివేశానట! ఆ మతిమరుపుకి మందుగా మిమ్మల్ని కొన్నాను. మందు అలవాటైపోయి జబ్బు ఎక్కడికి పోయిందో తెలియలేదు.

బ్యాంకులో పాతికేళ్లు అరిగిన చెయ్యి కదా, తెల్ల కాగితం కనిపిస్తే స్కేలు పెట్టి గీతలు గీయకుండా ఉండలేదు. వరుస సంఖ్య, నవల పేరు, రచయిత, తొలి ప్రచురణ, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, రోజులు, పేజీలు, మార్కులు, రిమార్కులు. మొత్తం పది గళ్లు. నేనే గీసుకున్న గళ్లకి నేనే లోబడి బతుకుతానని ఆ రోజు అనుకోలేదు.

మీకు పెద్ద వంశమే ఉందని మావారు అంటూ ఉంటారు. చార్లెస్ డార్విన్ 1838 నుంచి 1860 దాకా చదవాల్సిన పుస్తకాలు, చదివిన పుస్తకాలు అని విడివిడిగా జాబితాలు రాసుకున్నాడట. అమెరికన్ గాయకుడు ఆర్ట్ గార్ఫంకెల్ 1968 నుంచి చదివిన ప్రతి పుస్తకమూ లెక్క రాస్తున్నాడట. ఈ రెండూ చెప్పి, 'నువ్వూ ఆ బాపతే' అంటారు మావారు. ఆయన చదివేది పొద్దున పేపరు, అదీ స్పోర్ట్స్ పేజీ. దానికి చిట్టా అక్కర్లేదు. మనిషి నిశ్చింతగా ఉన్నాడు.

ఇక ఫిర్యాదులోకి వస్తాను. మీలో నన్ను ఎక్కువ ఏడిపించింది 'రోజులు' అనే ఏడో గడి. నవీన్ 'అంపశయ్య' 1969లో వచ్చిన నవల. ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకునే రవి అనే కుర్రాడి ఒక్క రోజు కథ. పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా వాడి బుర్రలో తిరిగినవన్నీ ఉంటాయి, అంతే. ఆ ఒక్క రోజు చదవడానికి నాకు 11 రోజులు పట్టింది. మార్చి నెలాఖరు, బ్రాంచిలో క్లోజింగు, ఇంటికొచ్చేసరికి తొమ్మిది. మీరేమో కారణాలు అడగరు, అంకె అడుగుతారు. 11 అని వేశాను. జేబులో డబ్బుల్లేక మెస్ బిల్లు గురించి కుమిలే రవి కూడా నన్ను చూసి జాలిపడి ఉంటాడు.

అదైనా నయం. వరుస సంఖ్య 34 సంగతి చెప్పుకోవాలి, చెప్పుకోకుండా ఎన్నాళ్లని దాస్తాం? 'వేయిపడగలు'. మొదలుపెట్టిన తేదీ: 2016 సంక్రాంతి సెలవులు. ముగించిన తేదీ గడి తెల్లగా, కొత్త పెళ్లికూతురి నుదుటిలా కాకుండా, బోడిగా మెరుస్తోంది. విశ్వనాథ సత్యనారాయణ గారు ఆ నవలను 1934లో 29 రోజుల్లో పూర్తి చేశారు. ఆయన నోటితో చెబుతుంటే తమ్ముడు రాసుకుంటూ పోయాడు. ఇరవై తొమ్మిది రోజులు! మా ఇంట్లో గీజరు రిపేరుకి అంతకన్నా ఎక్కువ పట్టింది. పి.వి. నరసింహారావు గారు రాజకీయాల్లో తలమునకలై ఉండి కూడా దాన్నంతా హిందీలోకి 'సహస్రఫణ్' అని అనువదించారు. అంటే ప్రతి వాక్యం చదివి, అర్థం చేసుకుని, ఇంకో భాషలో మళ్లీ రాశారు. నేను తెలుగులోంచి తెలుగులోకి చదవలేక పదో ఏడు నడుపుతున్నాను.

మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, వాయిదా కట్టకుండా 90 రోజులు దాటితే అప్పు ఎన్‌పీఏ అయిపోతుంది. తెలుగులో మొండి బాకీ. పేరు చెడకుండా ఉండాలని కొందరు మేనేజర్లు పాత అప్పు తీర్చడానికే చిన్న కొత్త అప్పు ఇస్తారు. దాన్ని ఎవర్‌గ్రీనింగ్ అంటారు, పట్టుబడితే మెమో ఇస్తారు. నేను సరిగ్గా అదే చేస్తున్నాను. 85వ రోజుకి అట్టపెట్టెలోంచి లాగి ఓ ఐదు పేజీలు చదువుతాను. 'చదువుతున్నాను' అని మీలో టిక్కు పెడతాను. ఖాతా మళ్లీ పచ్చగా ఉంటుంది. ఆ నవల హీరో ధర్మారావు సుబ్బన్నపేటలో ఎక్కడ నిలబడ్డాడో అక్కడే నిలబడి ఉంటాడు, పాపం. ఆ వెయ్యి పడగల్లో చివరికి రెండే మిగులుతాయని అందరూ చెబుతారు. నాకింకా చాలా పడగలు బాకీ.

ఊరట ఒక్కటే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆనాటి నవలల పోటీలో బహుమతిని 'వేయిపడగలు'కి, అడివి బాపిరాజు 'నారాయణరావు'కి కలిపి పంచింది. 'నారాయణరావు' నేను 9 రోజుల్లో చదివేశాను. కాబట్టి సగం బహుమతి వసూలైనట్టే అని రిమార్కుల గడిలో రాశాను. ఏ ఆడిటరైనా ఒప్పుకుంటాడు.

డిసెంబరు వస్తే మీ మొహం ఇంకా చూడలేను. ఏడాదికి 40 అని మొదటి పేజీలో రాసుకున్నాను కదా, అది నా టార్గెట్. ఒక ఏడాది డిసెంబరు 20కి 31 దగ్గర ఆగాను. బ్యాంకులో మార్చి 31 రాత్రికి బ్యాలెన్స్ షీట్ అందంగా కనపడటానికి చేసే పనులు నాకు తెలియనివి కావు. ముందు 'బారిస్టర్ పార్వతీశం' తీశాను. మొక్కపాటి నరసింహశాస్త్రి గారు 1924లో మొదటి భాగం వేశారు, మొత్తం మూడు భాగాలు. నా దగ్గరున్నది మూడూ కలిపి కుట్టిన ఒకే పుస్తకం. మీలో మాత్రం మూడు పద్దులు రాశాను. పార్వతీశం మొగల్తూరు నుంచి బయల్దేరి ఇంగ్లండు వెళ్లి వచ్చిన ఖర్చుతో పోలిస్తే ఇదేమంత మోసం?

తర్వాత బీరువా ముందు కూర్చుని మందం చూసి పుస్తకాలు ఏరాను. కూరగాయల బజార్లో వంకాయలు ఏరినట్టు, పలచగా, చిన్నగా ఉన్నవి. అలా చేతికి వచ్చింది రావిశాస్త్రి 'అల్పజీవి'. ఒక్క రాత్రిలో అయిపోయింది. అయిపోయింది పుస్తకం. ప్రతివాడికీ భయపడే ఆ సుబ్బయ్య మాత్రం నన్ను వదల్లేదు. మర్నాడు కౌంటరు దగ్గర ఒకాయన పాస్‌బుక్ రెండు చేతులతో పట్టుకుని, 'మేడమ్‌గారూ, తప్పుగా అనుకోకపోతే, నా డబ్బు నేను తీసుకోవచ్చాండీ' అని అడిగాడు. ఈయన సుబ్బయ్యే అనిపించింది. రోజూ వచ్చేవాళ్లలో ఎంతమంది సుబ్బయ్యలున్నారో ఇన్నాళ్లూ చూడలేదు. నాలుగు రోజులు ఇంకో నవల ముట్టుకోలేకపోయాను. ఆ ఏడాది 36 దగ్గర ఆగిపోయింది. మీరు ఎర్ర సిరాతో నా వంక చూశారు. అల్పజీవికి మీరిచ్చిన గుర్తింపు: రోజులు 1, మార్కులు 8.

మార్కుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. నవలకి పదికి ఇన్ని అని వేయడానికి నేనెవర్ని? బుచ్చిబాబు 'చివరకు మిగిలేది'కి ఇరవై ఏళ్లప్పుడు పదికి పన్నెండు వేసేదాన్ని. దయానిధి కోసం హాస్టల్ గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఈమధ్య మళ్లీ చదివితే ఆ అబ్బాయిని కూర్చోబెట్టి రెండు మొట్టికాయలు వేయాలనిపించింది. అదే నవల, అవే అక్షరాలు. మీలో దానికి ఒకటే వరుస, ఒకటే గడి. పాత అంకె కొట్టేసి కొత్తది రాద్దామంటే కొట్టివేతల దగ్గర పొట్టి సంతకం పెట్టాలి, అది మా రూలు. ఎవరు పెట్టాలి? ఇరవై ఏళ్లప్పటి నేనా, ఇప్పటి నేనా?

డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' సంగతి వేరు. ఆవిడ రాసిన నవల అదొక్కటే. 1961లో చిన్న వయసులోనే పోయారు. ఇందిర లాంటి అమ్మాయిని 1950ల్లో అంత నిబ్బరంగా రాసిన మనిషి ఇంకో నాలుగు రాసి ఉంటే ఎలా ఉండేదో. మీలో ఆవిడ పేరు ఒక్కసారే వస్తుంది, మళ్లీ రమ్మన్నా రాదు. దానికి మార్కులు వేయలేదు. ఆ గడిలో అడ్డగీత గీశాను. ఆ పుస్తకం కూడా ఇప్పుడు ఇంట్లో లేదు. మా బ్రాంచిలో పనిచేసిన ఒకావిడ, 'రెండ్రోజుల్లో ఇచ్చేస్తానండీ' అని పట్టుకెళ్లి, మూడో రోజు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు తెచ్చుకుంది. మీ ఆఖరి పేజీలో 'ఇచ్చిన పుస్తకాలు' కింద 17 పద్దులున్నాయి. తిరిగొచ్చినవి రెండు. ఇంత అధ్వాన్నపు రికవరీ మా బ్యాంకుకి కూడా లేదు.

ఇప్పుడు అసలు నేరం ఒప్పుకుంటాను. మీ మధ్యలో ఎర్రగీత ఒకటి గీశాను. పైన క్లాసిక్స్, కింద ఆధునిక నవలలు. గీతకి పైన మొట్టమొదటి పద్దు కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్రము'. 1878లో 'వివేకవర్ధని'లో వచ్చింది, 1880లో పుస్తకమైంది. తొలి ప్రచురణ గడిలో ఏ ఏడు వేయాలో తేలక రెండూ వేశాను. అక్కడి రాజశేఖరుడు ధవళేశ్వరంలో ఉన్నదంతా పోగొట్టుకుని కష్టాలు పడతాడు. ఆయన్ని గౌరవంగా 12 రోజులు చదివాను, మధ్యలో రెండుసార్లు కునుకు తీశాను.

ఇంకో రాజశేఖరం ఉన్నాడు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో జయంతికి బాసు. ఆయన్ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. పదో తరగతి సోషల్ పుస్తకం లోపల పెట్టుకుని ఒకసారి, పెళ్లిచూపుల ముందు రోజు ఒకసారి, పోయినేడు జ్వరం వచ్చినప్పుడు ఒకసారి. ఒక్కసారి కూడా కునుకు రాలేదు. ఆయన మీ గీతకి పైనా లేడు, కిందా లేడు. అసలు మీలోనే లేడు. ఇంటికొచ్చినవాళ్లు మిమ్మల్ని తిరగేస్తారు కదా, అందుకని రాయలేదు. అరవయ్యేళ్లుగా జనం చదువుతున్న నవలని చదివానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు. కునుకు తీసిన నవలకి మాత్రం గుండ్రటి చేతిరాత. డిటెక్టివ్ నవలల్ని ఇంకో నోట్‌బుక్‌లో దాచాను. ఏ ఖాతాలోకీ చేరని సొమ్మును మేం సస్పెన్స్ అకౌంట్‌లో వేస్తాం. వాటికి ఆ పేరు బాగానే నప్పింది.

మా అమ్మకి ఈ బాధ లేదు. వీక్లీలో సీరియల్ వస్తే వారం వారం ఆ పేజీలు చింపి బియ్యం డబ్బా మీద పెట్టేది. నవల అయిపోయాక సూదీ దారంతో కుట్టి, పాత శుభలేఖ అట్ట వేసేది. గోడకి వేలాడే క్యాలెండర్లో పాల లెక్క పక్కనే అద్దె నవలల లెక్క ఉండేది. పాలు రెండు శేర్లు, నవల ఒకటి. ఆవిడకి తెలిసిన చిట్టా అదే, నెలాఖరుకి చింపేస్తే మాఫీ. ఒక సీరియల్లో ఒక వారం పేజీలు లేవు, పక్కింటావిడ పట్టుకెళ్లి పొయ్యి ముట్టించుకుంది. కుట్టిన పుస్తకంలో ఆ చోటు రాగానే అమ్మ, 'ఇక్కడ ఏం జరిగిందంటే' అని నోటితో చెప్పేది. ఉద్యోగం వచ్చాక అచ్చు పుస్తకం కొని ఆ భాగం వెతికి చూశాను. రచయిత్రి కన్నా అమ్మ చెప్పిందే బాగుంది. దాన్ని మీ పది గళ్లలో ఏ గడిలో వేయమంటారు? రచయిత పేరు ఏమని రాయను?

మీ కన్నా లైబ్రరీ పుస్తకం వెనక అంటించే చీటీ మర్యాదస్తురాలు. తేదీ ముద్రలు తప్ప ఇంకేమీ అడగదు. ఒకసారి మా జిల్లా గ్రంథాలయంలో ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' తీస్తే, నాకు ముందు ముద్ర 1994 నాటిది. జైల్లో రాసిన నవల అది. చదవొద్దని మద్రాసు ప్రభుత్వం పనిగట్టుకుని నిషేధించింది. ఇప్పుడు ఏ ప్రభుత్వానికీ ఆ శ్రమ లేదు. చీటీ మీద నా తేదీ పడ్డాక కాసేపు ఆ 1994 మనిషి గురించే ఆలోచించాను. తను కూడా ఇంటికెళ్లి ఏదైనా నోట్‌బుక్‌లో రాసుకుందా, హాయిగా నిద్రపోయిందా?

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసి, 'అమ్మా, ఇంత టెన్షన్ ఎందుకు? యాప్ పెట్టుకో, అదే లెక్క వేస్తుంది, బెండకాయలు తరుగుతూ ఆడియో విన్నా చదివినట్టే' అంది. మీకు పోటీ వస్తోందని చెప్పడానికి రాస్తున్నాను, సంతోషించి కాదు. ఆ యాప్‌లో స్కేలు పెట్టి గీత గీయడం కుదరదట.

కనుక తమరు దయతో నా టార్గెట్ 40 నుంచి 'చదివినన్ని'కి తగ్గించవలెననీ, సెక్రటరీకి పాత తేదీతో ఒక పద్దు మంజూరు చేయవలెననీ, అమ్మ చెప్పిన భాగానికి పదకొండో గడి గీసుకోనివ్వవలెననీ ప్రార్థన. పేజీల గడి మీకే వదిలేస్తున్నాను.

ఇట్లు
తమ విధేయురాలు,
గుమాస్తా

తా.క. రాత్రి 'వేయిపడగలు' ఐదు పేజీలు చదివాను. నేటితో 86వ రోజు. టిక్కు పెట్టుకోగలరు.