గురక ఆగిన రాత్రి

మా ఇంటికి చుట్టాలు వచ్చి ఒక రాత్రి ఉన్నారంటే, తెల్లారి చాయ్ తాగుతూ ఒక మాట తప్పకుండా అంటారు: "మీ దగ్గర రాత్రంతా గూడ్స్ బండ్లు బాగనే తిరుగుతయి గదా!" మా ఆవిడ కప్పులు అందిస్తూ "అవును, కాజీపేట జంక్షన్ కదా" అని ఊరుకుంటుంది. మేం ఉండేది హన్మకొండలో. మా గల్లీ నుంచి పట్టాలు బాగా దూరం. ఆ గూడ్స్ బండి నేనే.

గురకను నేనెప్పుడూ జబ్బు కింద లెక్కపెట్టలేదు. మా నాయిన పెట్టేవాడు, ఆయన తండ్రి కూడా పెట్టేవాడట. మా వాళ్లలో భూమి పంపకాల గురించి ఇప్పటికీ పంచాయితీలు ఉన్నాయి గానీ, గురక మాత్రం మొత్తం నాకే వచ్చింది. ఎవరూ వాటా అడగలేదు.

ఇబ్బంది పగటి పూటతో మొదలైంది. ఫైలు మీద సంతకం పెడుతూ కునుకు తీస్తే, సంతకం తోక కాగితం దాటి టేబుల్ మీదికి పోయింది. ఒకరోజు అదాలత్ దగ్గర సిగ్నల్ పడితే స్కూటీ మీదే నిద్రపోయాను. వెనక ఆటో అతను హారన్ కొట్టి కొట్టి, చివరికి దిగి వచ్చి భుజం తట్టి, "సార్, గ్రీన్ రెండుసార్లు వచ్చి పోయింది" అన్నాడు పాపం, చాలా మర్యాదగా.

డాక్టరు స్లీప్ స్టడీ రాశాడు. తలకు, ఛాతీకి, వేలికి వైర్లు అంటించి, ముక్కు కింద ఇంకొకటి తగిలించి, "ఇక హాయిగా నిద్రపోండి" అన్నారు. కరెంటు స్తంభానికి పడుకొమ్మని చెప్పినట్టుంది. ఎలాగో పడుకున్నాను. రిపోర్టులో 42 అని వచ్చింది. అంటే గంటకు 42 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోంది. 10 సెకన్లయినా అలా ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారట. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. చదువుకున్న రోజుల్లో ఏ పరీక్షలోనూ 35 దాటని నాకు ఇక్కడ డిస్టింక్షన్ వచ్చింది. రాత్రికి ఏడు గంటల లెక్కన దాదాపు 300 సార్లు. మా ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టి, "అంటే ఇన్నేండ్లు నేను నిద్ర పాడు చేసుకున్నది ఊరికే కాదు" అంది. ఆమె బాధ ఆమెది.

అలా సీప్యాప్ మిషన్ ఇంటికొచ్చింది. చిన్న డబ్బా, దానికొక పొడవాటి పైపు, పైపు చివర మాస్కు. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఓపికగా అంతా చెప్పాడు. నిద్రలో గొంతు వెనక కండరాలు వదులై దారి మూసుకుపోతుంది, మిషన్ గదిలోని గాలినే కొంచెం ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. నాకు పెట్టింది 11. అంటే 11 సెంటీమీటర్ల లోతు నీళ్లకు ఉండే ఒత్తిడి, చెంబెడు నీళ్లన్నమాట. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివాన్ అనే డాక్టరు దీన్ని లోకానికి చెప్పాడనీ, మొదట్లో వాక్యూమ్ క్లీనర్ మోటారుతో నడిపించాడనీ కూడా అన్నాడు. ఆ ఒక్క ముక్క చెప్పకుండా ఉంటే బాగుండేది. "ఇల్లు ఊడ్చే మిషన్ ఉల్టా తిప్పి మూతికి పెట్టిన్రన్నట్టు" అని మా ఆవిడ వారం రోజులు నవ్వింది.

చెంబెడు నీళ్లే అనుకున్నాను. పడుకుని బటన్ నొక్కాక తెలిసింది. నేనొక కట్టెల పొయ్యి, ఎవరో తడి కట్టెలు పెట్టి ఊదుగొట్టంతో వదలకుండా ఊదుతున్నారు. మొదట మెల్లగానే వస్తుంది, 4తో మొదలై నెమ్మదిగా పెరుగుతుంది. పెరిగేలోపు మనం నిద్రపోవాలని దాని ఉద్దేశం. నేను మేలుకుని, ఎప్పుడు పెరుగుతుందా అని కాపలా కాశాను.

మొదట ఇచ్చింది ముక్కూ నోరూ రెండూ మూసే పెద్ద మాస్కు. నా మీసాల సందులోంచి గాలి తప్పించుకుని "పుర్ర్" మంటూ చప్పుడు. మా ఆవిడ దుప్పటి ముక్కు మీదికి లాక్కుంది. "నేను కాదు, మాస్కు" అన్నాను. "మీరు పప్పు తిన్న రోజు గూడ మాస్కు మీదనే పెడ్తరా?" అంది. చప్పుడు ఆగాలని పట్టీలు లాగి బిగించాను. పొద్దున చెంపల మీద గీతలు చూసి ఆఫీసులో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "ఇంట్లో అంతా బాగేనా?" అని అడిగాడు.

మూడో రోజు 30 ఏళ్ల మీసం తీసేసి, ముక్కు మాస్కుకు మారాను. దీనికో నియమం ఉంది: నోరు మూసుకుని ఉండాలి. తెరిస్తే ముక్కులోంచి వచ్చిన గాలంతా నోట్లోంచి బుస్సుమని బయటికి పోతుంది. "దేవుడు ఇప్పటికి నా మొర ఆలకించిండు" అంది మా ఆవిడ.

ఇక నీళ్లు. గాలి తడిగా రావడానికి డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి, నల్లా నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ అంటే మనకు తెలిసింది ఇన్వర్టర్‌లో పోసేదే కదా, బ్యాటరీ దుకాణం నుంచి క్యాను తెచ్చాను. కుర్రాడు ఫోన్లోనే తల పట్టుకున్నాడు. మెడికల్ షాపుకి పొమ్మన్నాడు. అదొక్కటే అయితే సరే, డిసెంబరు చలికి ఆ తడి గాలి పైపులో చల్లబడి చుక్కలుగా మారి ముక్కులోకి జారింది. వడ్డేపల్లి చెరువులో మునిగిపోతున్నట్టు కల వచ్చి, ఈత కొడుతూ లేచాను. మిషన్ తలకంటే కిందికి పెట్టి, పైపును దుప్పట్లో దాచుకోవాలని తర్వాత తెలిసింది.

అసలు కథ ఇప్పుడు. పదకొండో రోజో పన్నెండో రోజో, మా అవ్వ పరకాల నుంచి కంటి పరీక్షకని వచ్చింది. (మేం అమ్మనే అవ్వ అంటాం, వేరే జిల్లాల వాళ్లు నానమ్మ అనుకోవద్దు.) మిషన్ సంగతి అవ్వకు చెప్పలేదు. చెబితే గాబరా పడుతుందని మా ఆవిడ దాని మీద తువ్వాల కప్పింది. "గదేంది?" అని అడిగితే "జలుబుకు ఆవిరి పట్టేది" అన్నాం. మా తెలివి అంతవరకే పనిచేసింది.

ఆ రాత్రి ఒక అద్భుతం జరిగింది. నాకు నిద్ర పట్టింది. కునుకు కాదు, నిజమైన నిద్ర. చిన్నప్పుడు వాకిట్లో నులక మంచం మీద పట్టిన నిద్ర. కుడిపక్కకు తిరిగి పడుకున్నవాణ్ని అలాగే ఉండిపోయాను. మా ఆవిడ కూడా అంతే. పైగా ఆమెకు 22 ఏళ్లుగా చెవుల్లో దూది పెట్టుకుని పడుకునే అలవాటు, గురక పోయినా దూది పోలేదు.

పక్క గదిలో అవ్వకు మెలకువ వచ్చింది. చప్పుడుకు కాదు, చప్పుడు లేక. నాయిన గురక వింటూ నలభై ఏళ్లు, నా గురక వింటూ అంతకంటే ఎక్కువ ఏళ్లు నిద్రపోయిన మనిషి. ఇంట్లో గురక వినబడుతోందంటే మగమనిషి బతికే ఉన్నాడని ఆమె లెక్క. వినబడలేదు. లేచి వచ్చి తలుపు తీసింది. బెడ్ లైటు వెలుతురులో కొడుకు ముఖానికి మాస్కు, మాస్కుకు గొట్టం, పక్కన మినుకుమినుకుమనే డబ్బా. 2021లో మా ఊళ్లో అలా గొట్టాలు పెట్టుకుని పోయినవాళ్లు కొందరు మళ్లీ రాలేదు. అవ్వ అది మర్చిపోలేదు.

"కొడుకా" అని పిలిచిందట. నేను పలకలేదు. కాలు పట్టుకుని చూసిందట. దుప్పటి బయట ఉన్న కాలు, డిసెంబరు చలి, చల్లగా తగిలింది. కోడలిని పిలిచింది. కోడలు దూదిలో ఉంది.

అవ్వ ఫోనులో 1 నొక్కి పట్టుకుంటే మా అక్కకు పోతుంది. మనవడు పెట్టిచ్చిన ఏర్పాటు. తెల్లవారుజామున 3:20కి నొక్కి పట్టుకుంది. "బిడ్డా, తమ్మునికి ఆక్సిజన్ పెట్టిన్రే! మూతికి తొండం లెక్క పైపున్నది. పిలిస్తె పలుకుతలేడు. కోడలు గూడ లేస్తలేదు."

ఇద్దరూ లేవడం లేదనేసరికి అక్కకు కాళ్లు చేతులు ఆడలేదు. బావ జీపు తీశాడు. దారిలో అక్క చెల్లెకు, చెల్లె మేనత్తకు, మేనత్త వాట్సాప్ గ్రూపుకు. పొద్దున నేను చూసుకుంటే గ్రూపులో 61 మెసేజులు ఉన్నాయి. కరీంనగర్‌లో ఉన్న మా చిన్నాయిన కొడుకు 4:50కే "ఓం శాంతి" అని పెట్టాడు. ఆరు గంటలకు దాన్ని తీసేసి "త్వరగా కోలుకోవాలి" అని పెట్టాడు. తీసేసినట్టు కనబడుతుంది కదా, ఆ సంగతి వాడికి తెలియదు.

నాకు మెలకువ వచ్చేసరికి మంచం చుట్టూ పద్నాలుగు మంది. అక్క, బావ, చెల్లె, మేనత్త, ఇద్దరు మేనల్లుళ్లు, పైన కిరాయికి ఉండేవాళ్లు, పక్కింటి సారు. అందరి చేతుల్లో బ్రెడ్డు ప్యాకెట్లు. ఆ పొద్దున ఇంకేం దొరుకుతుంది? పక్కింటి సారు ఎవరితోనో అంటున్నాడు: "నాకు గూడ డౌటొచ్చిందండి. రాత్రి గోడ అవతల చప్పుడే లేదు."

"ఏమైంది?" అని అడగబోయాను. ముక్కు మాస్కు సంగతి చెప్పాను కదా. నోరు తెరిచాను, మాట బదులు "హ్హూఫ్" మని గాలి వచ్చింది.

"అయ్యో, తమ్మునికి మాట వడిపోయిందే!" అని అక్క ఏడుపు అందుకుంది. అక్క మొదలుపెడితే మేనత్త ఊరుకుంటుందా? మాస్కు తీద్దామని చెయ్యి ఎత్తాను. బావ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో మాస్కు ముఖానికేసి అదిమి పట్టాడు. "తియ్యకు బామ్మర్దీ, తియ్యకు. పానం పోతది." ప్రాణం అప్పుడే పోయేటట్టుంది. నేను "హ్హూఫ్, హ్హూఫ్" అంటున్నాను, బావ ఇంకా గట్టిగా అదుముతున్నాడు.

అప్పుడు లేచింది మా ఆవిడ. కళ్లు తెరిచేసరికి పడకగది నిండా జనం, మొగుడి మీద కూర్చున్న బావ. కెవ్వుమని అరిచి, ఏం చేయాలో తోచక చేతికందిన వైరు గుంజింది. ప్లగ్గు ఊడింది. మిషన్ ఆగింది. "ఆక్సిజన్ బంద్ చేసిందే!" అని మేనత్త అరుపు గల్లీ చివరి దాకా వినబడిందని తర్వాత పాలతను చెప్పాడు.

ఆ గందరగోళంలో బావ చెయ్యి వదిలాడు. మాస్కు పీకేసి నేనన్న మొదటి మాట "చాయ్ పెట్టుండ్రి." గదంతా నిశ్శబ్దం.

అరగంట పట్టింది చెప్పడానికి. ఆక్సిజన్ కాదు, ఉత్త గాలే, గొంతు మూసుకుపోకుండా ఊదుతుంది అని నాలుగు రకాలుగా చెప్పాను. ఎవరికీ ఎక్కలేదు. బావ తల గోక్కుని, "అంటే బోరుకు కేసింగ్ వేసినట్టు. మట్టి కూలకుండ పైపు దించుతం సూడు, గట్ల" అన్నాడు. ఇంత బాగా డాక్టరు కూడా చెప్పలేదు. అక్క కళ్లు తుడుచుకుని, బావను ఎగాదిగా చూసి, "ఈయనకు గూడ ఒక కేసింగ్ చూడు తమ్మీ" అంది.

బ్రెడ్డు ప్యాకెట్లు లెక్కపెడితే పదకొండు. మధ్యాహ్నానికి మా ఆవిడ వాటన్నిటినీ నెయ్యిలో వేయించి డబల్ కా మీఠా చేసింది. ఓం శాంతి పెట్టినవాడు కూడా కరీంనగర్ నుంచి వచ్చి రెండు గిన్నెలు తిన్నాడు.

వారం తర్వాత మిషన్ రిపోర్టు చూడడానికి ఆ కుర్రాడు వచ్చాడు. "సూపర్ సార్, 42 నుంచి 3కి వచ్చింది. కానీ ఆ బుధవారం పొద్దున 5:40కి లీక్ ఇంత పైకి పోయిందేంటి? మాస్కుకు ఏమైనా తగిలిందా?" అన్నాడు. బావ తగిలాడని ఏం చెప్తాం?

అంతా సద్దుమణిగిందనుకున్నాను గానీ, అవ్వ ఆ రాత్రి ఫోను ఒక్కటే చేయలేదు. "సమ్మక్క తల్లీ, నా కొడుకు కండ్లు తెరిస్తె నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట" అని మేడారం వైపు తిరిగి మొక్కింది. బంగారం అంటే అక్కడ బెల్లం. మనిషి ఎంత బరువుంటే అంత. "ఎంతున్నవ్ బామ్మర్దీ?" అని బావ అడిగాడు. 96 కిలోలు అన్నాను. బావ ఫోనులో లెక్క చేసి, నాకు చూపించకుండా జేబులో పెట్టుకున్నాడు.

బరువు తగ్గితే ఈ జబ్బు కూడా తగ్గుతుందని డాక్టరు ఎప్పటి నుంచో చెబుతున్నాడు, నేను వినలేదు. ఇప్పుడు రోజూ పొద్దున భద్రకాళి బండ్ మీద నడుస్తున్నాను. జాతర మాఘంలో. ఒక్కో కిలో తగ్గినప్పుడల్లా ఒక కిలో బెల్లం మిగులుతుంది కదా అని మనసులో చిన్న లెక్క. మొన్న 92కి వచ్చాను. ఆ సంతోషంలో అవ్వకు ఫోను చేసి చెప్పాను.

"గట్లెట్ల నడుస్తది?" అంది అవ్వ. "మొక్కిన నాడు ఎంతున్నవో గంతే. తల్లి కాడ దొంగ లెక్కలు నడువయి."

తూకం చీటీ ఒక్కటే సాక్ష్యం, అది డాక్టరు ఫైల్లో ఉంది. ఆ రాత్రే తీసి చింపేద్దామని ఫైలు తెరిచాను. లేదు. అవ్వ ఊరికి పోయేటప్పుడు తీసుకుపోయి, సమ్మక్క పటం వెనక పెట్టిందట. అక్క దగ్గర ఒక జిరాక్స్ కాపీ కూడా ఉందట.