అట్టపెట్టెలోని అగ్నిపర్వతం గారికి

మహారాజశ్రీ అగ్నిపర్వతం కిట్టు గారి సముఖానికి,

అనంతపురం నుంచి నమస్కారాలు. ఇక్కడంతా క్షేమమే, ఒక్క వంటగట్టు తప్ప. నిన్న మధ్యాహ్నం సోడాలో పోస్తుండగా ఒలికిన వెనిగర్‌తో తమరు దాని మీద ప్రసాదించిన అరచేయంత తెల్లమచ్చ సబ్బుకు లొంగలేదు, పీచుకూ లొంగలేదు.

తమ పెట్టె మీది బొమ్మలో ట్రే ఉంది, పెట్టెలో లేదు. పుస్తకం మాత్రం ‘ట్రేలో పెట్టి చేయండి’ అంటోంది. 899 రూపాయలకు ట్రే బొమ్మ దక్కింది, మహాభాగ్యం. ప్రయోగం మొదలుకాకముందే ‘జూనియర్ శాస్త్రవేత్త’ అని సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. ఇంట్లోనే చదువుకునే పిల్లలకు కాగితాలు కరువని తమకెవరో చెప్పినట్టుంది.

కొండ చేయడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపేటప్పుడు నీళ్లలో పొడి వేయాలి, పొడిలో నీళ్లు పోస్తే ఉండలు కడుతుంది. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కాబట్టి అందులో చెయ్యి ముంచి ఉంచకూడదు. మిగిలింది సింకులో పారబోస్తే గొట్టంలోనే రాయవుతుంది. తమ పన్నెండు పేజీల్లో వీటికి ఒక్క పంక్తి చోటు దొరకలేదు.

ఇక తమ లెక్క. మూడు చెంచాల సోడాకు 25 మిల్లీలీటర్ల వెనిగర్! నాలుగు శాతం వెనిగర్ అంత పోస్తే పావు చెంచా సోడాకే సరి, తక్కినదంతా అడుగున ముద్ద. ఒక టీస్పూను, అంటే 5 గ్రాముల వంటసోడా పూర్తిగా పొంగాలంటే అదే వెనిగర్ 90 మిల్లీలీటర్లు కావాలి. అప్పుడు లీటరున్నర దాకా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాన్ని పట్టి ఉంచే నురగ లేకపోతే బుస్సుమని ఆరిపోతుంది. రెండు చెంచాల కుంకుడు రసం కలిపి చూడండి, అంచు దాటి నింపాదిగా దిగుతుంది. వంద గ్రాముల సోడా పొట్లంతో ఇరవై సార్లు పొంగించవచ్చు. తమ లెక్కన ఆరు సార్లకే ఖాళీ.

పోనీ, అవన్నీ వదిలేద్దాం. మచ్చను మాత్రం వదలం.

మా గట్టు కడప బండ. అది సున్నపురాయి. పులుపు తగిలితే పైపొర కరిగి నునుపు పోతుంది, నలుపు కాస్తా తెల్లబారుతుంది. అందుకే దాని మీద నిమ్మచెక్క బోర్లించకూడదని ఈ జిల్లాల్లో ఏ అవ్వనడిగినా చెబుతుంది. తుడిస్తే పోవడానికి అది మరక కాదు, పులుపు రాయిని తినేసిన గుంట. భూతద్దంతో చూస్తే అంచు కూడా కనబడుతుంది. పిల్లలు అట్టపర్వతాన్ని మూడు నిమిషాల్లో మరిచిపోయి, నిన్నటి నుంచి ఆ మచ్చ చుట్టూనే తిరుగుతున్నారు. గ్రానైట్ మెట్టు మీద ఒక చుక్క పోస్తే ఏమీ కాలేదు. గుడ్డు పెంకును వెనిగర్‌లో వేస్తే బుడగలు కమ్ముకున్నాయి. (సుద్దముక్కతో చేయకండి, బజారులో దొరికేవి చాలావరకు జిప్సం, ఉలకవు పలకవు.) కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున తొలిచింది ఈ పులుపు తమ్ముడే. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి రవ్వంత పులిసిన నీళ్లు సున్నపురాయిని యుగాల తరబడి తిన్నాయి. ఇంత పాఠం తమరు చెప్పలేదు, తమ చేతకానితనం చెప్పింది.

మరి తమరు చెబుతానన్న అగ్నిపర్వతం మాటేమిటి? నువ్వు చూపించింది అగ్నిపర్వతమే కాదు కదయ్యా! నిజమైనదాంట్లో సోడా లేదు, వెనిగర్ లేదు. కరిగిన రాతిలో ఇమిడి ఉన్న వాయువులు, పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి, ఒక్కసారిగా విడివడి తోసుకొస్తాయి. గోలీసోడా గోలీ నొక్కినప్పుడు జరిగేది అదే. అంగడికి పోయి గోలీసోడా కొంటే తాగడానికీ పనికొచ్చేది! పైగా ఇటలీ వెసూవియస్ బొమ్మ రెండు పేజీల నిండా వేశావు. ఉరవకొండ పక్కనున్న వజ్రకరూరు పేరు ఎప్పుడైనా విన్నావా? సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట అక్కడ 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి కింబర్లైట్ అనే కరిగిన రాయి నేలను చీల్చుకుని గొట్టాల్లా పైకొచ్చింది. వస్తూ వస్తూ వజ్రాలను మూటగట్టుకొచ్చింది. తొలకరి పడగానే జనం చేలల్లో నడుం వంచి వెతికేది ఆ మూటలోంచి రాలినవే. అంత దూరపు కొండ బొమ్మ వేయడానికి రంగు సిరా ఉంది, ఇంటి వెనక అగ్నిపర్వతానికి ఒక్క ముక్క రాయడానికి నల్లసిరా లేదు!

క్షమించాలి, గొంతు లేచింది.

మచ్చ మీద ప్రస్తుతానికి కొబ్బరినూనె రాశాం. రెండు రోజులు నల్లగా నటించి మళ్లీ తెల్లబడుతుంది. పిల్లలు దాని పక్కన సుద్దతో గీత గీసి, నిన్నటి తేదీ వేశారు. తుడవొద్దన్నారు. తమ రెండో పొట్లం ఇంకా మిగిలే ఉంది. దాన్ని గ్రానైట్ మెట్టు మీదే పోస్తాం. ఆలోపు ట్రే పంపితే సరే, పంపకున్నా సరే.

ఇట్లు,
గట్టు యజమానులు